నా చొక్కా మీద విరిగిన రొట్టె

తెలివితక్కువ పని చేశానని నేనే ముందుగా ఒప్పుకుంటే, దాన్ని కనిపెట్టామని ఇంకెవరూ గొప్పలు చెప్పుకోలేరు. అందుకే చెబుతున్నాను. ఎండిన జొన్నరొట్టెలో మామిడి గుజ్జు పోసి, దాన్ని చేత్తో పట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో ఫోను ముందు నవ్వుతూ నిలబడ్డ మనిషిని నేనే. కడక్ రొట్టెకు తడి తగలకూడదని వనపర్తి బస్టాండులో చంటిపిల్లను ఎత్తుకున్న తల్లినడిగినా చెబుతుంది, ఆ చంటిపిల్లనడిగినా చెబుతుంది. ఆ రొట్టెలు తిని పెరిగి, ఆ రొట్టెలే అమ్ముకుంటూ యాభై దాటిన నాకు మాత్రం ఆ ఒక్క మధ్యాహ్నం అది గుర్తుకు రాలేదు. వైరల్ అనే మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు వెచ్చబడింది. మామూలు వైరల్ జ్వరమైతే మూడు రోజుల్లో దిగిపోయేది. ఇది మామిడికాయల కాలమంతా ఉంది.

మాది బస్టాండు పక్క సందులో చిన్న రొట్టెల కొట్టు. లోపల అక్క రొట్టెలు చేస్తుంది, బయట నేను పొట్లాలు కడతాను. పని ఆమెది, బోర్డు మీద ఫొటో నాది. అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. బావ పోయిన తరువాత ఈ కొట్టు పెట్టింది ఆమే, ఏ పనిలోనూ కుదురుగా నిలవని నన్ను తెచ్చి ఈ కొట్టులో పెట్టిందీ ఆమే.

అక్క రెండు రకాల రొట్టెలు చేస్తుంది. వేడివేడిగా అక్కడికక్కడే తినేది మెత్తటి రొట్టె. రెండోది కడక్ రొట్టె. ఎసటి నీళ్ళతో పిండి కలిపి, పీట మీద కాగితమంత పల్చగా తట్టి, పెంక మీద కాల్చి, ఆ పైన నిప్పుల సెగకు నిలబెట్టి ఎండబెడుతుంది. అది నెల రోజులైనా చెడిపోదు. పుణెకు, ముంబైకి, బెంగుళూరుకు కట్టుబడి పనికి వెళ్ళే మా జిల్లాల జనం ఈ రొట్టెలను తెల్లగుడ్డలో మూట కట్టుకుని బస్సెక్కుతారు. అక్కడ వంట కుదిరేదాకా అవే అన్నం. ఒకసారి ఒక మేస్త్రీ సీటు దొరక్క, పుణె దాకా ఆ మూట మీదే కూర్చుని వెళ్ళాడు. దిగి విప్పి చూస్తే ఒక్క రొట్టె విరగలేదట. ఆ మేస్త్రీ బావకు స్నేహితుడు, అక్కను వదిన అంటాడు. ఈ సంగతిని ఆయన ఎన్నిచోట్ల చెప్పాడో, అక్క చేతికి అంత పేరు వచ్చింది. ఆమెకున్న ఆస్తి ఆ పేరే. దాన్ని నేను మామిడి గుజ్జులో ముంచాను.

ఎట్లా జరిగిందో చెబుతాను. ఎండలు ముదిరిన ఒక శనివారం మల్దకల్‌లో స్వామి దర్శనం చేసుకుని, గద్వాల మీదుగా తిరిగి వస్తున్నాను. బస్సు మారే చోట ఒక బండి చుట్టూ మూడు వరసల జనం. ఏమిటా అని మెడ చాచి చూస్తే, మిర్చి బజ్జీ మీద కరిగించిన చాక్లెట్ పోస్తున్నారు. తినేవాళ్ళు ఇద్దరు, ఫోన్లు పట్టినవాళ్ళు ఇరవై మంది. బజ్జీలు చల్లారిపోతున్నాయి, ఫోన్లు వేడెక్కిపోతున్నాయి.

"రుచి ఎట్లున్నది?" అని పక్కాయన్ని అడిగాను.

"ఏమో అన్నా, నేనింక తిన్లే. రీలు మాత్రం మస్తు పోయింది," అన్నాడాయన.

రీలంటే దారపు రీలని తప్ప తెలియని కాలం నాటివాణ్ణి. అయినా ఆ దారం నా మెడకు ఎప్పుడు చుట్టుకుందో తెలియలేదు. వనపర్తి వచ్చేలోపు బస్సులోనే నా వింత వంటకం తయారైపోయింది. ఐస్‌క్రీం కోను ఉంటుంది కదా, అట్లా అక్క కడక్ రొట్టెను కోనుగా చుట్టాలి. అందులో కొల్లాపూర్ మామిడి గుజ్జు, పైన ఐస్‌క్రీం ముద్ద, ఆ పైన వేయించిన పల్లీలు. చూడగానే ఎవరైనా కొనే కోను. కొల్లాపూర్ మామిడి, మన జొన్న, మన పల్లి, పాలమూరంతా ఒకే గుప్పిట్లో! ఇంత గొప్ప ఆలోచన ఇంతవరకు ఎవరికీ ఎందుకు రాలేదా అనుకున్నాను. ఎందుకు రాలేదో తరువాత తెలిసింది. వాళ్ళందరికీ బుద్ధి ఉంది.

ఇంటికి వస్తూనే గరాటు ఒకటి కడిగి అక్క ముందు పెట్టాను. పెంక మీది నుంచి తీసిన రొట్టెను వేడి తగ్గకముందే దాని చుట్టూ చుట్టి ఎండబెట్టమన్నాను.

"ఏందిర గిది? రొట్టెకు టోపీ కుట్టిస్తున్నవా?"

"టోపీ కాదక్కా, కోను. లోపల మామిడి పోసి అమ్ముదం."

"మామిడి పండు రొట్టెల నంజుకుంటరు గని, రొట్టెల పోస్తరార ఎవలన్న?"

"పోస్తే ఏమైతది?"

"ఏమైతదో నీకే తెలుస్తది తియ్యి. పొయ్యి మండుతున్నది, జర్గు."

ఇప్పుడు ఆలోచిస్తే ఆమె నన్ను హెచ్చరించిందని అర్థమవుతుంది. అప్పుడు మాత్రం అది ఒప్పుకోలు అనిపించింది. ఏమైనా తమ్ముడడిగితే ఆమె కాదనదు. డజను కోనులు చేసి పెట్టింది. చూడముచ్చటగా ఉన్నాయి.

నాగర్‌కర్నూల్‌లో ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. బల్మూర్ నుంచి గద్వాల దాకా బైకు మీద తిరుగుతూ, ఎక్కడ ఏం తిన్నా వీడియో తీసి పెడతాడు. ఆయన ఫోనుకు "తమరు దయచేసి మా కొట్టుకు విచ్చేసి మమ్మల్ని ఆనందింపజేయగలరు" అని పెళ్ళిపత్రిక భాషలో సందేశం పంపాను. మూడో రోజే వచ్చాడు. అంత తొందరగా మా చుట్టాలు కూడా ఎప్పుడూ రాలేదు.

ఫోనును కర్రకు బిగించి, నన్నూ కోనునూ ఎండలో నిలబెట్టాడు. "కాకా, నువ్వే తిను. ఓనరే తింటె జనం నమ్ముతరు," అన్నాడు. నేను మురిసిపోయి మామిడి గుజ్జు నిండా పోసుకున్నాను. ఆయన మొదలుపెట్టాడు. దోస్తులూ అన్నాడు, పాలమూరు అన్నాడు, మన మట్టి అన్నాడు, మన వాసన అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ లోపల గుజ్జు తన పని తాను చేసుకుంటోంది. నా గురించిన పరిచయం పూర్తయ్యేసరికి రొట్టె పని కూడా పూర్తయింది. నేను నోరు తెరిచాను, కోను అడుగు తెరిచింది. గుజ్జూ ఐస్‌క్రీమూ పల్లీలూ వరసగా దిగి, కాలరు నుంచి జేబు దాకా పరుచుకున్నాయి. చేతిలో రెండు రొట్టె ముక్కలు మిగిలాయి.

"దోస్తులూ, రొట్టె ఇరిగింది, కాకా తడిసిండు! గీ రొట్టె చేసిన చేతికి ఒక దండం!" అంటూ ఆయన పగలబడి నవ్వాడు. ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోకుండా బైకెక్కి వెళ్ళిపోయాడు.

నేను కూడా నవ్వాను. మొదటిది తెలివితక్కువతనమైతే, ఇది రెండోది.

ఆ వీడియో ఎంత దూరం పోయిందో నాకు తెలియదు కాని, నా ముఖం నాకన్నా ముందే అన్ని ఊళ్ళకూ చేరింది. కోను విరిగే ఆ ఒక్క క్షణాన్ని మూడుసార్లు నెమ్మదిగా తిప్పి, వెనక ఏడుపు సంగీతం పెట్టాడు. బ్యాంకుకు పోతే "మామిడి మామ వచ్చిండు" అన్నారు. కొట్టు ముందు కాలేజీ పిల్లలు బారులు తీరారు. అయితే ఎవరూ కోను తినడానికి రాలేదు. గుజ్జు పోయించుకుని, అది ఎప్పుడు విరుగుతుందా అని ఎదురుచూసి, స్నేహితుడి చొక్కా మీద విరగ్గానే కేకలు పెట్టి, ముక్కలు కింద పడేసి వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రానికి కొట్టు ముందంతా జొన్నరొట్టె తునకలే. అవి ఊడ్చి ఆవులకు వేసి, లోపలికి వెళ్ళి "మస్తు నడుస్తున్నయక్కా" అని చెప్పేవాణ్ణి. పొయ్యి దగ్గర తల ఎత్తకుండా ఆమె ఇంకో కోను చుట్టేది. నడుస్తున్నాయన్నది అబద్ధం కాదు. జనం వాటి మీద నడుస్తూనే ఉన్నారు.

పది రోజులైందేమో, మేస్త్రీ వచ్చాడు. ఆ వారంలో ఆయన వెంట ఇరవై మంది పుణె బస్సెక్కాలి. ఎప్పటిలాగే మూటల కొద్దీ రొట్టెలు కావాలి. అలవాటు ప్రకారం నేరుగా పొయ్యి దగ్గరికే పోయి కూర్చున్నాడు.

"వదినా, రొట్టెలైతే కట్టు గని, ఈసారి జర మందంగ చెయ్యి."

"ఎందుకు? పల్చగుంటెనే గద నీకు ఇష్టం?"

"నాకేంది, నేను మూట మీద గూసున్నోన్ని. మా గ్యాంగుల కొత్తోళ్ళే నవ్వుతున్నరు. గా చొక్కా మీద ఇరిగే రొట్టెనా మనకు అంటున్నరు."

"ఏ చొక్కా?"

ఆయన నా వైపు చూశాడు. నేను పొట్లాల దారం వైపు చూశాను. ఇంక దాచేదేముందని ఆయన ఫోను తీసి ఆమె చేతికిచ్చాడు.

అక్క దాన్ని రెండుసార్లు చూసింది. నా చొక్కా మీద గుజ్జు పడినప్పుడు ఆమె ముఖం మారలేదు. "చేసిన చేతికి ఒక దండం" అని ఆ నవ్వు వినిపించినప్పుడు మారింది. పిండి అంటుకున్న అరచేతుల్ని ఒకసారి చూసుకుని కొంగుతో తుడుచుకుంది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. తరువాత రొట్టె పీటను ఎత్తి గోడకు నిలబెట్టింది.

మా ఇంట్లో రొట్టె పీటను గోడకు నిలబెట్టేది ఒక్క మైల దినాల్లోనే. అమ్మ పోయినప్పుడు పది రోజులు, బావ పోయినప్పుడు పదకొండు రోజులు అట్లా నిలబడి ఉంది. ఎవరూ పోకుండా అది నిలబడడం నేను చూసింది అదే మొదటిసారి.

"అక్కా, గట్ల కాదే..."

"ఇరిగే రొట్టె ఎందుకు చేసుడు? వేరేకాడ కొనుక్కోమను వాళ్ళను. నేను చెయ్య."

మేస్త్రీ లేచి బయటకు వచ్చాడు. "బావా, పేరు సంపాదించనీకె వదినకు ఇరవై ఏండ్లు పట్టింది. నీకెంత సేపు పట్టింది?" అన్నాడు.

"చొక్కా ఆరేంత సేపు," అన్నాను. నవ్వించాలని అన్న మాట అది. ఇద్దరిలో ఎవరమూ నవ్వలేదు.

రెండు రోజులు పీట దిగలేదు. బతిమాలాను, వినలేదు. గుజ్జు తడి వల్ల విరిగింది గాని రొట్టె తప్పు కాదన్నాను. "గది నాకు చెప్తున్నవా?" అంది. ఎల్లుండి మేస్త్రీ బస్సు. ఆయన వేరేచోట కొనుక్కుని పుణెకు పోతే, అక్క ఇంక ఎప్పటికీ పీట దించదని నాకు తెలుసు. అలగడంలో మా ఇంట్లో ఎవరూ ఆమెను మించలేదు, మంకుపట్టులో నేను ఆమెకు తమ్ముణ్ణి.

మూడో రోజు పొద్దున్నే నేనే ఎసరు పెట్టాను. పీట దించి, కాళ్ళు మడుచుకుని కూర్చుని రొట్టె తట్టడం మొదలుపెట్టాను. ఇందులో ఎత్తుగడ ఏమీ లేదు. ఇరవై మందికి రొట్టెలు కావాలి, చేసేవాళ్ళు లేరు, అంతే. కాని తట్టడం చూసినంత తేలిక కాదు. అక్క తడుతుంటే టపటపటపమని ఒకే తాళం, వర్షం కురిసినట్టు. నేను తడితే టప్... టపా... అని, ఎవరో తలుపు కొట్టి మళ్ళీ భయపడి ఆగినట్టు. మొదటి రొట్టె శ్రీశైలం రిజర్వాయరు పటంలా వచ్చింది. రెండోదాన్ని ఎత్తబోతే సగం పీటకే ఉండిపోయింది. మూడోది ఇరవై మందికి సరిపోయేంత మందం.

లోపలి గదిలోంచి గాజుల చప్పుడైంది. నేను తల ఎత్తలేదు. టప్... టపా...

"ఛీ ఛీ! ఏందిర గా సప్పుడు? ఊరంత ఇంటుంటరు."

"నేర్చుకుంటున్నక్కా."

"నీళ్ళు సల్లగైనయ్, పిండి సచ్చిపోయింది. లెవ్వు. లెవ్వుర గాడికెల్లి!"

నన్ను లేపి కూర్చుంది. పీటను తుడిచింది, ఎసరు మళ్ళీ పెట్టించింది. కాసేపటికి సందంతా ఆ వర్షపు చప్పుడు. నేను బయటకు వచ్చి పొట్లాల దారం చేతిలోకి తీసుకున్నాను.

మేస్త్రీ మూటలు వేళకు తయారయ్యాయి. ఎప్పటికన్నా పల్చగా చేసింది, పంతం. బస్సెక్కిన మర్నాడు ఆయన పుణె నుంచి ఒక వీడియో పంపాడు. కదిలే బస్సులో మూట మీద కూర్చుని ఊగుతున్నాడు. తరువాత లేచి, గుడ్డ విప్పి, నిండు చంద్రుడి లాంటి రొట్టెను పైకెత్తి చూపించాడు. "సూడున్రి, మా వదిన రొట్టె. నేను బరువెంతున్ననో సూడున్రి, రొట్టెను సూడున్రి." దానికి సంగీతం లేదు, సోకు లేదు. కాని పనికి పోయినవాళ్ళ గ్రూపుల్లోంచి గ్రూపుల్లోకి అది తిరిగి తిరిగి, తిరుగుటపాలో వనపర్తికి వచ్చింది. నేను ముస్తాబు చేసి పంపిన వింత నా పరువు తీసింది. ఆయన కింద పెట్టుకుని కూర్చున్న సంగతి మా పరువు నిలబెట్టింది. ప్రచారం గురించి నాకు తెలిసిందంతా ఇంతే. ఇది తెలిశాక మాత్రం నేను ఎవరి దగ్గరా తడబడలేదు.

కోను సంగతి అక్క వదల్లేదు. "నా చేతి మీద ఇరిగిందన్న మాట నేను మోయ" అని పట్టుబట్టింది. వారం రోజులు ఒకటే పని. పల్లీలు వేయించి, బెల్లంతో దంచి ముద్ద చేసి, కోను వేడి మీద ఉండగానే లోపలంతా వేలితో పూత పూసింది. ఆరాక అది గచ్చులా గట్టిపడింది. అందులో గుజ్జు నింపి గడప పక్కన గ్లాసులో నిలబెట్టి, తను స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, పక్కింటావిడతో ముచ్చట ముగించి వచ్చి చూసింది. కోను చెక్కు చెదరలేదు. నేను కొరికి చూశాను. జొన్న కరకర, బెల్లం, పల్లి, తరువాత మామిడి. ఇన్నాళ్ళూ మాటల్లో అమ్మిన వస్తువు అప్పుడు తయారైంది.

బోర్డు మీది నా ఫొటో తీసేయించి, "విరిగితే ఇంకొకటి ఊరికే" అని రాయించాను. జనం మళ్ళీ వచ్చారు, ఈసారి నోళ్ళతో. ఇప్పటిదాకా ఒక్కటి కూడా ఊరికే ఇవ్వలేదు.

మామిడి ఆఖరి కోత దిగుతుండగా బైకు చప్పుడైంది. నాగర్‌కర్నూల్ ఆయనే. మేస్త్రీ వీడియో ఆయన దాకా పోయినట్టుంది.

"కాకా, రెండో పార్టు తీద్దం. మల్ల ఇరగాలె, మా దోస్తులంత ఎదురుచూస్తున్నరు."

"తీద్దం నాయినా. కాని ఈసారి నువ్వే తినాలె. తినేటోడు తింటెనే గద జనం నమ్మేది."

ఆయన తెల్ల చొక్కాలో ఉన్నాడు. పాపం అనిపించి, లోపలి నుంచి కొత్త తువ్వాలు తెచ్చి, మంగలి కొట్టులో కప్పినట్టు ఆయన ఛాతీ మీద పరిచి, మెడ వెనక ముడి వేశాను. "చొక్కా ఖరాబైతది, నాకు అనుభవమున్నది," అన్నాను. మర్యాదకు సంతోషించి కోను అందుకున్నాడు.

దోస్తులూ అన్నాడు, మన మట్టి అన్నాడు, మన వాసన అన్నాడు. మాట్లాడుతూ కోను అడుగుకేసి చూశాడు. చుక్క లేదు. ఇంకోసారి మట్టి అన్నాడు. కోనును పక్కకు వంచాడు, నెమ్మదిగా నొక్కాడు, చెవి దగ్గర ఆడించాడు. కొట్టులో తింటున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఫోన్లు తీశారు. అక్క పొయ్యి వదిలి గడపలోకి వచ్చి నిలబడింది.

"ఊపకు బిడ్డా, గది గుడి గంట కాదు. కొర్కు."

కొరికాడు. కరకరమంది. పల్లీ బెల్లం అంగిలికి పట్టుకుంటే అంత తొందరగా వదలదు. నమిలాడు. ఏదో అనబోయాడు, రాలేదు. మళ్ళీ నమిలాడు. రోజంతా మాట్లాడే మనిషి, కర్రకు బిగించిన తన ఫోను ముందే నోటి నిండా జొన్నతో కళ్ళు తిప్పుతూ నిలబడ్డాడు.

"దోస్తులూ," అన్నాను నేను, ఆయన ఫోనులోకి వంగి. "కాకా తడవలే, రొట్టె ఇరగలే. గీ రొట్టె చేసిన చేతికి ఒక దండం అన్నరు గద మీరు పోయినసారి. ఇప్పుడు పెట్టున్రి."

ఆయన నా వైపు, అక్క వైపు, చుట్టూ ఉన్న ఫోన్ల వైపు చూశాడు. మిగిలిన కోనును నా చేతికిచ్చి, రెండు చేతులూ జోడించి అక్కకు దండం పెట్టాడు. వెటకారం పలకడానికి నోరు ఖాళీ లేదు.

"సల్లగుండు. నమిలి మింగు, తొందరేం లేదు," అని అక్క లోపలికి పోయింది. వెంటనే టపటపటపమని చప్పుడు మొదలైంది.

ఆయన మింగుతూనే కర్ర మడిచి బైకెక్కాడు. తువ్వాలు మెడకు అట్లాగే ఉంది. ఎప్పటికైనా రాకపోతాడా అని, దాని మీద నేను ముందే దర్జీతో ఎర్రదారం అక్షరాలు కుట్టించి పెట్టాను: "అక్క చేతి జొన్నరొట్టె, బస్టాండు పక్క సందు, వనపర్తి". నాగర్‌కర్నూల్ దాకా మా బోర్డును ఆయనే గుండెల మీద మోసుకుపోయాడు. నేను వెనక్కి పిలవలేదు.